ఇసాన్‌లో ఇంగ్లీషు పంతులు

మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా తెల్ల చొక్కాల్లో వెయ్యిమందికి పైగా పిల్లలు. ఉదయం 8 గంటలకే ఎండ చుర్రుమంటోంది. జాతీయగీతం అప్పుడే అయిపోయింది, జెండా పైకెళ్లింది. రెండు చేతులూ జోడించి ‘సవాత్‌దీ ఖ్రాప్’ అన్నా. రాత్రంతా అద్దం ముందు ప్రాక్టీస్ చేసిన మాటలవి. తర్వాత ఇంగ్లీషులో నా పేరూ, నా దేశం పేరూ చెప్పా. ముందు వరసలో ఓ పిల్లాడు పక్కవాడి చెవిలో ఏదో గొణిగాడు. నాకు వినపడింది ఒక్క మాటే... ‘ఖేక్’.

రూముకెళ్లాక ఫోన్‌లో వెతికా. థాయ్‌లో ఆ మాటకు రెండర్థాలు. ఒకటి, అతిథి. రెండోది, మనలాంటి భారతీయుల్నీ, అరబ్బుల్నీ, మలయ్ వాళ్లనూ కలిపి పిలిచే పేరు. అది తిట్టు కాదంటారు కొందరు, మర్యాద కాదంటారు ఇంకొందరు. నాకు మాత్రం మొదటి అర్థమే సరిగ్గా సరిపోయిందనిపించింది. ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాణ్ని, చుట్టం కాక ఇంకేమవుతాను?

లేఆఫ్ నుంచి గురుసభకు

ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కి థాయ్‌లాండ్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే పనేంటని మీకు అనుమానం రావొచ్చు. మా అమ్మకీ వచ్చింది. మాది నారాయణపేట దగ్గర ఓ పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. హైదరాబాద్‌లో బీటెక్ చేసి, అక్కడే నాలుగేళ్లు ఉద్యోగం చేశా. 2023 చివర్లో మా ప్రాజెక్టు ఆగిపోయింది, దాంతోపాటే మా టీమూ పోయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నెల పట్టింది. ఇంటర్వ్యూల చుట్టూ తిరుగుతున్న రోజుల్లో, బ్యాంకాక్‌లో పాఠాలు చెప్పే కాలేజీ సీనియర్ ఒకాయన ఫోన్ చేసి ‘ఓ ఏడాది ఇటొచ్చెయ్‌రా, మనసు కాస్త కుదుటపడుతుంది’ అన్నాడు.

“సారువైతవా? అదీ ఇంగ్లీషు సారువా?” అని అమ్మ నవ్వింది. ఆ నవ్వులో వెటకారం లేదు. తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషులో 18 మార్కులొచ్చిన నా ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసింది ఆమే మరి.

కాగితాల పని అనుకున్నదానికంటే పెద్దది. నేను వెళ్లేనాటికి టూరిస్టుగా తిరిగి రావడానికి మనవాళ్లకు వీసా అక్కర్లేదు. పని చెయ్యాలంటే మాత్రం నాన్ ఇమిగ్రెంట్-బి వీసా ఉండాలి. డిగ్రీ పట్టా, పోలీసు క్లియరెన్స్, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లయితే టోయిక్ లాంటి పరీక్షలో స్కోరు చూపించాలి. బీఈడీ లాంటి చదువు లేనివాళ్లకు అక్కడి టీచర్ల కౌన్సిల్ తాత్కాలిక అనుమతి ఇవ్వాలి. ఆ కౌన్సిల్‌ని థాయ్‌లో ‘ఖురుసపా’ అంటారు. రెండుసార్లు పైకి చదివితే గానీ వెలగలేదు... గురుసభ! చివరికి నీలం రంగు వర్క్ పర్మిట్ పుస్తకం చేతికొచ్చింది. అందులో సంవత్సరం 2567 అని ఉంది. వాళ్లది బౌద్ధ శకం, మన లెక్కకు 543 కలపాలి. ఇన్ని అయ్యాక కూడా 90 రోజులకోసారి ‘ఫలానా చోటే ఉంటున్నా’ అని ఇమిగ్రేషన్ వాళ్లకు తెలపాల్సిందే.

మిత్రభావ రోడ్డు మీద

బ్యాంకాక్ నుంచి సుమారు 450 కిలోమీటర్లు వెళితే ఖోన్ కెన్ నగరం. అక్కణ్నుంచి గంట ప్రయాణం నా స్కూలున్న చిన్న పట్టణానికి. ఆ ప్రాంతాన్ని ‘ఇసాన్’ అంటారు. మన ‘ఈశాన్యం’ తోబుట్టువే ఆ మాట. వెళ్లే హైవే పేరు ‘మిత్రాపాప్’, అంటే మిత్రభావం. దారిలో తగిలే పెద్ద ఊరు నఖోన్ రాచసీమా, మన నోటికి నగర రాజసీమ. ‘సవాత్‌దీ’కి మూలం స్వస్తి. వాళ్లు స్వస్తితో మాట మొదలుపెడతారు, మనం స్వస్తి పలికి ముగిస్తాం.

బస్సులో కూర్చుని ఇలా ఒక్కో బోర్డూ విప్పుకుంటూ, ‘ఇంకేం, సగం భాష వచ్చేసినట్టే’ అనుకున్నా. ఆ ధీమా మర్నాడు సంతలోనే పోయింది. వాళ్ల భాషకు అయిదు స్వరాలు. ‘మా’ అనే ఒక్క శబ్దాన్నే మామూలుగా అంటే రావడం, గొంతు పైన పెట్టి అంటే గుర్రం, కింది నుంచి సాగదీస్తే కుక్క. ‘నేను రేపు వస్తా’ అనబోయి ఏమన్నానో నాకు తెలీదు గానీ, కూరగాయల ఆవిడ నవ్వలేక చచ్చింది.

ఇసాన్ మెట్ట నేల. వాన పడితే వరి, లేదంటే ఎదురుచూపు. ఊళ్లలో ఎక్కువగా కనిపించేది ముసలివాళ్లూ, పిల్లలే. వయసులో ఉన్నవాళ్లు బ్యాంకాక్‌లో భవనాలు కడుతుంటారు, ట్యాక్సీలు నడుపుతుంటారు, ఫ్యాక్టరీల్లో ఉంటారు. ఇది నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. మాది పాలమూరు. మా నాన్న నా చిన్నతనంలో ఏడాదికి ఎనిమిది నెలలు బొంబాయిలో మేస్త్రీ కింద పని చేసేవాడు. సాయంత్రం బొంబాయి బస్సు కదిలేప్పుడు మా ఊరి స్టేజీ దగ్గర వినిపించే ఏడుపులు నాకింకా గుర్తే.

నా రూము అద్దె నెలకు 3,000 బాత్. ఓ మంచం, ఫ్యాను, వెనక చిన్న బాల్కనీ. వంటిల్లు లేదు. అక్కడ చాలామంది బయటే కొనుక్కుంటారు. మా వీధి చివర బండి పెట్టుకునే ఆవిణ్ని అందరూ ‘పా’ అంటారు, మనం పెద్దమ్మ అన్నట్టు. పచ్చి బొప్పాయి కోరు, టమాటా, నిమ్మరసం, పులియబెట్టిన చేపల నీళ్లు వేసి, మట్టి రోట్లో కర్ర రోకలితో దంచి ఇస్తుంది. దాన్నే సోమ్ తామ్ అంటారు. పక్కన వెదురు బుట్టలో బంక అన్నం. దాన్ని చేత్తోనే ముద్ద చేసి తినాలి. మొదటిరోజు పెద్దమ్మ నన్ను చూసి ‘మిరపకాయలు ఎన్ని?’ అని వేళ్లు చూపించి అడిగింది. ఆరు చూపించా. ఆవిడ రోకలి ఆపి మళ్లీ అడిగింది. మళ్లీ ఆరే. తింటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికి కొంత, రోటి పచ్చడి గుర్తొచ్చి కొంత.

అదే సంతలో ఇంకో తప్పు చేశా. సాయంత్రం 6 గంటలకు మైకులో జాతీయగీతం మొదలవగానే జనమంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. కవరు ఊపుకుంటూ నడుస్తున్నది నేనొక్కణ్నే. పెద్దమ్మ బండి వెనక నుంచి కళ్లతోనే ‘ఆగు’ అంది.

నేను వేసిన జోకు

మే 16న స్కూళ్లు తెరిచారు. నాకు మత్తయోమ్ ఒకటి, రెండు తరగతులిచ్చారు. మత్తయోమ్ అంటే మధ్యమం, ఒకటో మత్తయోమ్ అంటే మన ఏడో తరగతి. తొమ్మిది సెక్షన్లు, ఒక్కోదానిలో 40 మంది. అందరికీ ఇంత పొడవు సంస్కృతం పేర్లు, పిలవడానికి మాత్రం ఐస్, మింట్, బ్యాంక్, బెంజ్ లాంటి ముద్దు పేర్లు. చెప్పులు గది బయట విడిచి లోపలికెళితే, లీడరు ‘స్టాండప్ ప్లీజ్’ అంటాడు. ‘గుడ్ మార్నింగ్ తీ...చ్చా’ అని 40 గొంతులు రాగం తీస్తాయి. మన బళ్లలో ‘గుడ్ మార్నింగ్ సా...ర్’ ఎలా ఉంటుందో అచ్చం అలాగే. సోమవారం ఖాకీ దుస్తుల్లో వచ్చినవాళ్లను చూసి, స్కూలుకు పోలీసులెందుకొచ్చారని కంగారుపడ్డా. తీరా చూస్తే వాళ్లు మా స్టాఫే! ప్రభుత్వ టీచర్ల యూనిఫాం అది.

రెండో వారం. పండ్ల పాఠం. కిటికీ పక్కన కూర్చునే ఓ అమ్మాయిని లేపి యాపిల్ బొమ్మ చూపించా. ‘యాప్పెన్’ అంది. థాయ్‌లో మాట చివర ‘ల్’ పలకదు, ‘న్’ అయిపోతుంది. ఫుట్‌బాల్ ‘ఫుట్‌బోన్’, స్కూల్ ‘సకూన్’. నాకు అప్పటికి అదేమీ తెలీదు. మళ్లీ చెప్పమన్నా. ‘యాప్పెన్.’ మూడోసారీ అంతే. క్లాసు చప్పబడిపోతోందని భయమేసి, జేబులోంచి పెన్ను తీసి పైకెత్తి చూపిస్తూ ‘ఇది పెన్... అది యాపిల్’ అన్నా. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వా. మొదటిసారి పిల్లల్ని నవ్వించానని సంబరం కూడా పడ్డా. ఆ అమ్మాయి కూర్చుంది. ఆ తర్వాత నా పీరియడ్‌లో నోరు విప్పలేదు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఎందుకంటే ఆ జోకు నేను కనిపెట్టింది కాదు. బీటెక్ మొదటి ఏడాది సెమినార్‌లో ‘ఇస్కూల్’ అన్నానని మా లెక్చరర్ ఒకాయన నా గొంతుతోనే ఆ మాటను తిరిగి పలికాడు. 60 మంది నవ్వారు. ఆ సెమిస్టరంతా నేను చివరి బెంచీలోనే ఉన్నా. తర్వాత ఉద్యోగంలో చేరాక కూడా క్లయింట్ కాల్ అంటే ముందు మ్యూట్ బటన్ వెతుక్కునేవాణ్ని. అలాంటివాణ్ని, నాకు దక్కిన మొదటి అవకాశంలోనే అదే పని ఇంకొకరికి చేశా.

గరిక, వంకాయ పువ్వు

జూన్‌లో ఓ గురువారం ‘వాయ్ ఖ్రూ’ జరిగింది. ఖ్రూ అంటే గురువు, వాయ్ అంటే నమస్కారం. గురువారాన్ని వాళ్లూ బృహస్పతి పేరుతోనే పిలుస్తారు. టీచర్లను వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు, నన్ను కూడా. సెక్షన్‌కు ఇద్దరు చొప్పున పిల్లలు తాము అల్లిన పూల పళ్లేలు పట్టుకుని మోకాళ్ల మీద నడుస్తూ వస్తారు. ఆ పళ్లెంలో ఉన్నవి చూసి ఆశ్చర్యపోయా. గరిక, నూరువరహాల పూలు, వంకాయ పువ్వు! పక్కనున్న మా ఇంగ్లీషు విభాగం పెద్ద టీచరమ్మ అర్థాలు చెప్పారు. గరిక ఎంత తొక్కినా మళ్లీ పాకుతుంది, అది ఓపిక. నూరువరహాల మొగ్గ సూదిలా ఉంటుంది, అది చురుకైన బుద్ధి. వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుంది, అది వినయం.

ఆవిడ చెబుతుండగానే నా ముందు ఓ పళ్లెం ఆగింది. పట్టుకున్నది ఆ కిటికీ పక్క అమ్మాయే. తల నేలకు ఆనించి మొక్కింది. పళ్లెం అందుకుంటుంటే నా చేతులు వణికాయి. తల వంచుకోవాల్సింది ఎవరో నాకు తెలుసు.

మరుసటి క్లాసులో పాఠం పక్కన పెట్టేశా. బోర్డు మీద తెలుగులో పెద్దగా ‘బస్సు, కారు, స్కూలు’ అని రాశా. గుండ్రటి అక్షరాలు చూసి పిల్లలు ముచ్చటపడ్డారు. ‘మా భాషలో మాట చివర అచ్చు లేకపోతే మాకు తోచదు. అందుకే ఇంగ్లీషు మాటకు తోక తగిలిస్తాం. బస్‌ను బస్సు చేస్తాం. మీరు ఆ తోకను మింగేస్తారు. ఇద్దరం తప్పే, ఇద్దరం నేర్చుకోవచ్చు’ అన్నా. నా కాలేజీ సంగతి కూడా చెప్పా. నాకొచ్చిన థాయ్ కొంచెం, వాళ్లకొచ్చిన ఇంగ్లీషు కొంచెం, మిగతాది బొమ్మలు. ‘ఇస్కూల్’ అని నేననగానే మళ్లీ గొల్లుమన్నారు. ఈసారి నవ్వింది నా మీద. చివర్లో ఆ అమ్మాయి వైపు తిరిగి ‘సారీ’ అన్నా. ఆమె తలెత్తలేదు.

ఆ రోజు నుంచి ఓ ఆట మొదలైంది. థాయ్‌లో తోకను ‘హాంగ్’ అంటారు. ఎవరు మాట చివర మింగినా, నేను ఎక్కడ అచ్చు తగిలించినా, క్లాసంతా ‘హాంగ్! హాంగ్!’ అని అరవాలి. నాకు పడిన హాంగ్‌లు తక్కువేం కాదు.

ఆగస్టు 12 అక్కడ అమ్మల పండుగ. అప్పటి రాజమాత సిరికిత్ పుట్టినరోజది. అమ్మల్ని స్కూలుకు పిలిచి పిల్లలు పాదాలకు మొక్కుతారు. ఆ వారం ‘మై మదర్’ అని నాలుగు వాక్యాలు రాసి చదవమన్నా. ఎవరినీ పేరు పెట్టి లేపలేదు, ఇష్టమున్నవాళ్లే రమ్మన్నా. చివర్లో కిటికీ పక్క అమ్మాయి లేచింది. కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని చదివింది. వాళ్లమ్మ బ్యాంకాక్‌లో పని చేస్తుంది. సోంగ్‌క్రాన్‌కు ఇంటికొస్తుంది. పండక్కి స్కూలుకు అమ్మమ్మ వస్తుంది. సోంగ్‌క్రాన్ అంటే ఏప్రిల్‌లో వచ్చే వాళ్ల కొత్త సంవత్సరం, మన సంక్రాంతి మాటే. ‘షి కమ్ హోమ్ సోంగ్‌క్రాన్’ అన్న దగ్గర ఒక ‘ఎస్’ పోయింది. ఎవరూ హాంగ్ అనలేదు. నేనూ అనలేదు. మా నాన్న దీపావళికి బొంబాయి నుంచి వచ్చేవాడని మాత్రం చెప్పా.

‘అసలు ఇంగ్లీషువాడు కావాలి’

ఇదంతా చదివి అక్కడ అన్నీ చక్కబడ్డాయనుకోకండి. నా జీతం నెలకు 25,000 బాత్, అప్పటి లెక్కన దాదాపు 58 వేల రూపాయలు. అదే స్టాఫ్ రూములో, అదే సిలబస్ చెప్పే ఇంగ్లండ్ కుర్రాడికి 35,000. అతనూ మంచివాడే, పాపం ఈ లెక్క చెప్పుకోవడానికి నాకంటే అతనే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. తెల్లవాళ్లను అక్కడ ‘ఫరంగ్’ అంటారు. మన పాత తెలుగులో ‘పరంగి’ అన్న మాటే. జామకాయనూ ఫరంగ్ అనే అంటారు. స్టాఫ్ రూములో జామముక్కలు తినేప్పుడల్లా మా ఇద్దరికీ అదో నవ్వులాట.

సెప్టెంబర్‌లో నన్ను పెట్టుకున్న ఏజెన్సీ మనిషి వచ్చి, కొందరు తల్లిదండ్రులు ‘అసలు ఇంగ్లీషువాడు’ కావాలంటున్నారని, నవంబర్ నుంచి మొదలయ్యే రెండో టర్మ్‌కు నన్ను కొనసాగించడం కష్టమని చెప్పాడు. ‘నీ ఇంగ్లీషు బాగానే ఉంది, ఫొటోలో బాగోదు’ అన్నాడు నవ్వుతూ. కోపం రాలేదని అబద్ధం చెప్పను. సూట్‌కేసు కిందికి దించి, రెండు రోజులు దాని వైపు చూస్తూ కూర్చున్నా.

మూడో రోజు పెద్ద టీచరమ్మ నన్ను పిలిచారు. ఏజెన్సీకి తాను చెప్పిన మాటే నాకూ చెప్పారు. “అతని క్లాసులో పిల్లలు మాట్లాడుతున్నారు. నాకు అది చాలు.” అంతే. పొగడ్త లేదు, ఓదార్పు లేదు. రెండో టర్మ్ ఇచ్చారు. జీతం పెరగలేదు. స్కూలు ఫ్లెక్సీ మీద నా ఫొటో పడలేదు. అడగాలనీ అనిపించలేదు. ఎందుకంటే ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాడికి తెలియనిది ఒకటి నాకు తెలుసు. ఆ మాట నోట్లో ఎక్కడ ఇరుక్కుంటుందో తెలుసు. ఇరుక్కున్నప్పుడు ఎదుటివాడు నవ్వితే ఎలా ఉంటుందో ఇంకా బాగా తెలుసు.

ఎప్పుడు అలవాటైందో కచ్చితంగా చెప్పలేను. సాయంత్రం 6 గంటలకు కాళ్లు వాటంతటవే ఆగడం మొదలైంది. పెద్దమ్మ మిరపకాయల లెక్క అడగడం మానేసింది. జనవరిలో ఓ రోజు బండి దగ్గర కొత్త మనిషెవరో నన్ను చూపించి ‘ఖేక్’ అని ఏదో అడిగాడు. పెద్దమ్మ దంచుతూనే, తలెత్తకుండా ‘ఖ్రూ’ అంది. అప్పుడు గమనించా. క్లాసులో కూడా సగంమంది ‘తీచ్చా’ మానేసి, తమ టీచర్లను పిలిచినట్టే ‘ఖ్రూ’ అంటున్నారు. ఏ రోజు మారిందో నాకు తెలీదు.

మార్చి చివర్లో టర్మ్ అయిపోయింది. ఉండమన్నారు. కానీ ఇంటి దగ్గర చెల్లి చదువు, నాన్న మోకాలి ఆపరేషన్. 25,000 బాత్‌లో కుదిరే పనులు కావవి. మళ్లీ హైదరాబాద్ వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరా. చివరి రోజు ఆ అమ్మాయి గేటు దాకా వచ్చి ఓ కాగితం ఇచ్చింది. యాపిల్ బొమ్మ. కింద ఇంగ్లీషులో పేరు రాసి, చివరి అక్షరానికి పొడవాటి తోక గీసింది.

ఊరికెళ్లినప్పుడు అమ్మ అడిగింది. “ఆడ నిన్ను ఏమని పిలుస్తుండ్రి?”

“ఖ్రూ అంటారమ్మా.”

“అంటే?”

“గురువు అని.”

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మరి నీకు ఏబీసీడీలు చెప్పిన సారు ఈ ఊర్లనే ఉన్నడు గద. పోయి కలిసినవా?” అంది.

కలవలేదు. పదేళ్లయింది. ఆ సాయంత్రమే వెళ్లా. సారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో పళ్లెం లేదు గానీ, వాకిట్లో గరిక ఉంది. రెండు పోచలు తెంపుకుని దగ్గరికెళ్లి కూర్చున్నా.